ముల్లు సరిచేశాను

సెప్టెంబరు 3

గది బాగుంది. కొండవీధి చివర, నాలుగో అంతస్తు. పైన డాబా తప్ప ఇంకేం లేదు. కిటికీ తెరిస్తే ఊరంతా కాళ్ళ కిందే ఉంటుంది. రేడియో స్టేషను నడక దూరం. అందుకే తీసుకున్నాను. వేరే కారణమేమీ లేదు.

తలుపు తీసిన ఇంటాయన ముందు నన్ను ఎగాదిగా చూశాడు. "గది ఉందాండీ?" అని నేను నోరు విప్పగానే మొహం వెలిగిపోయింది. "మీరు వాన మామయ్య కదూ! మా ఇంట్లో మీరు చెప్పందే ఎవరూ గొడుగు ముట్టుకోరండీ" అన్నాడు. ఈ ముక్క మా ఆవిడ వినాల్సింది.

ఒక్క సంచీ తెచ్చుకున్నాను. రెండు జతల బట్టలు, గడ్డం గీసుకునే సామాను, ఈ డైరీ. వారానికి ఇవి చాలు. అంతకుముందే తను ఫోను చేస్తుంది. ఇక్కడి నంబరు ఇంట్లో ఫోను పక్కనే రాసిపెట్టి వచ్చాను, పెద్ద పెద్ద అక్షరాలతో.

సెప్టెంబరు 4

జరిగింది ఇంతే. రాసుకుంటే ఎంత చిన్న విషయమో నాకే తెలుస్తుంది.

స్టేషను వార్షికోత్సవం నాడు నన్ను స్టూడియోలో కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేశారు. "ఇన్నేళ్ళుగా వాతావరణం ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నారు?" అని అడిగింది ఆ అమ్మాయి. "ఏముందమ్మా, ఎముకల్లో తెలిసిపోతుంది" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వించడానికే అన్నాను. లేకపోతే ఏమనాలి? మా ఆవిడ వాతావరణ కేంద్రంలో పనిచేస్తుంది, రోజూ పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇవాళ ఏం చెప్పాలో రాసిస్తుంది, నేను పట్టుకొచ్చి చదువుతాను, అనాలా? అలా చెప్తే ఎవడు వింటాడు?

ఇంటికి వెళ్ళేసరికి తను ఇస్త్రీ చేస్తోంది. నా చొక్కానే. తల ఎత్తలేదు.

"రేపట్నుంచి మీ ఎముకల్నే రాయమనండి" అంది.

"సరదాకి అన్నానే."

"నేనూ ఇన్నాళ్ళూ సరదాకే రాశాను."

ఆ చొక్కా కాలరు దాకా ఇస్త్రీ చేసి, మడతపెట్టి, నా చేతిలో పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేనూ తిట్టేవాణ్ణి, ఇద్దరం అలిసిపోయి అన్నం తినేవాళ్ళం. చొక్కా చేతిలో పెడితే మనిషి ఏం చెయ్యాలి? సంచీలో పెట్టుకున్నాను.

రాసేది తనే, కాదనను. చదవడం మాత్రం అంత తేలికా? ఒకసారి నాకు గొంతు పోతే స్టేషనువాళ్ళు తననే పిలిపించి చదివించారు. ఆ రోజు జనం ఫోన్లు చేసి, ఎవరు పోయారండీ అని అడిగారు.

సెప్టెంబరు 5

ఫోను రాలేదు. కొత్త చోటు కదా, లైను సరిగ్గా లేదేమో.

సెప్టెంబరు 6

వాతావరణ కేంద్రం స్టేషనుకు పంపే అసలు ప్రకటన ఇన్నాళ్ళకు కళ్ళారా చూశాను. కోర్టు నోటీసు నయం. సాపేక్ష ఆర్ద్రత అట. శీతల వాతాగ్రం అట. ఆ మాట మైకులో పలికితే వినేవాడికి జలుబు చేస్తుంది. మా ఆవిడ దీన్నే తీసుకుని "పన్నెండు దాటాక బట్టలు ఆరేయకండి" అని రాసేది. ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎలా వెళ్ళేదో.

అయినా ఇదేమంత బ్రహ్మవిద్య? పెళ్ళయిన కొత్తలో తనే చెప్పింది. మనందరి నెత్తిమీదా గాలి బరువు ఉంటుందట. ఒకచోట ఆ బరువు తగ్గితే చుట్టుపక్కల గాలి అక్కడికి తోసుకొస్తుంది. తోసుకొచ్చిన గాలికి పైకి తప్ప దారి లేదు. పైకి పోతే చల్లబడుతుంది. చల్లబడితే దానిలో ఉన్న తడి మబ్బవుతుంది. బరువు ఎక్కువున్న చోట గాలి కిందికి దిగుతుంది, మబ్బు కరిగిపోతుంది, ఎండ కాస్తుంది. అంతే. బరువు తగ్గితే వాన, పెరిగితే ఎండ. దీనికి పొద్దున్నే లేచి బల్ల దగ్గర కూర్చోవడమెందుకు?

స్టేషను నుంచి వస్తూ గడియారాల దుకాణంలో గాలి బరువు చూపించే యంత్రం ఒకటి కొన్నాను. గుండ్రంగా, ఇత్తడి చట్రంతో, గోడగడియారంలాగే ఉంది. ముల్లు ఒక్కటే. చుట్టూ అంకెలు, అంకెల పైన మాటలు: తుఫాను, వాన, మార్పు, ఎండ. మాటలు కూడా రాసిపెట్టారు. ఇక రాసిచ్చేవాళ్ళతో నాకేం పని?

గోడకు తగిలించాను. ముల్లు "వాన" మీద నిలబడింది.

సెప్టెంబరు 7

వాన అని చెప్పాను. సొంతంగా. చెప్తుంటే గొంతు ఎంత పలికిందో! అద్దం అవతల టేపులు తిప్పే అమ్మాయి కూడా తలెత్తి చూసింది.

పడలేదు. రేపు పడుతుంది.

సెప్టెంబరు 9

పడలేదు.

సెప్టెంబరు 11

రోజూ వాన అంటున్నాను, రోజూ ఎండ మాడ్చేస్తోంది. ఊరు ఊరంతా ముడిచిన గొడుగులు చంకలో పెట్టుకుని తిరుగుతోంది. పాలవాడు మెట్ల మీద ఆపి, "మామయ్యగారూ, వాన ఎక్కడ దాచారండీ, కొంచెం మాకూ పొయ్యండి" అన్నాడు. నేను నవ్వాను. నవ్వకపోతే ఇంకా లోకువైపోతాను.

డైరెక్టరు పిలిచాడు. బల్లమీద వేళ్ళతో దరువు వేస్తూ కూర్చున్నాడు.

"మీ ఎముకలకేమైందండీ?" అన్నాడు చివరికి.

"సీజను అటూ ఇటూగా ఉందండీ."

"సీజను ఎప్పుడూ అటూ ఇటూనే కదండీ. మీరు మారారు. ఇంకొక్కసారి ఊరిచేత గొడుగులు మోయిస్తే, పాటల కార్యక్రమానికి పంపిస్తాను. అక్కడ పేర్లు చదువుకుందురుగాని."

పేర్లు చదువుకోవాలట. ఈ గొంతుతో.

ఫోను రాలేదు. లైను బాగానే ఉంది, ఇంటాయనకు వస్తున్నాయి.

సెప్టెంబరు 12

యంత్రం తిరిగి ఇచ్చేద్దామని పెట్టెలో సర్దుతుంటే అడుగున ఒక కాగితం కనిపించింది. వాడే విధానం. చదవడం నా వృత్తి. ఆ కాగితం మాత్రం ఇన్నాళ్ళూ చదవలేదు.

ఎత్తుకు పోయేకొద్దీ మీద ఉండే గాలి తగ్గుతుందట. అందువల్ల కొండల మీద ముల్లు ఉన్నదానికంటే తక్కువే చూపిస్తుందట. వెనకాల చిన్న స్క్రూ ఉంది. వాతావరణ కేంద్రం చెప్పిన అంకె చూసుకుని, ఆ గంటకే, స్క్రూ తిప్పి ముల్లును ఆ అంకె దగ్గరికి తేవాలి. ఒక్కసారే చెయ్యాలి, తర్వాత ముట్టుకోకూడదు, అని కింద గీత గీసి మరీ రాశారు.

అదీ సంగతి. తప్పు నాది కాదు, నాలుగో అంతస్తుది. స్క్రూ తిప్పి ముల్లు సరిచేశాను. "ఎండ" దగ్గర నిలబడింది. బయట చూశాను, ఎండే.

ఇంత చిన్న విషయం తనకు తెలియకుండా ఉంటుందా? రోజూ రేడియోలో నేను వాన వాన అంటుంటే విని ఉంటుంది. పైఅంతస్తులో పెట్టానని అర్థమయ్యే ఉంటుంది. ఒక్క ఫోను చేస్తే ఏం పోయింది?

సెప్టెంబరు 15

చెప్పింది చెప్పినట్టు జరుగుతోంది. ఎండ అంటే ఎండే. పాలవాడు నమస్కారం పెట్టాడు.

మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు, పైకప్పుల మేస్త్రీ. నిచ్చెన ఎక్కీ దిగీ ఉక్కులా ఉంటాడు. అలాంటివాడు నా నాలుగంతస్తులు ఎక్కి ఆయాసపడ్డాడు. కావాలనే.

"ఎవరైనా అలిగితే పక్కవీధికి పోతారు బావా. నువ్వు ఆకాశానికి పోయావు" అన్నాడు.

"స్టేషను దగ్గరని తీసుకున్నాను."

"అవునవును." గోడమీది యంత్రం చూసి, దగ్గరికెళ్ళి, అద్దం మీద వేలితో మెల్లగా కొట్టాడు. "అక్క ఇలాగే కొడుతుంది. ముల్లు ఇరుక్కుని ఉంటే కదులుతుందట."

"మీ అక్క ఏమైనా అంటోందా?"

"అబద్ధం చెప్పమంటావా, నిజం చెప్పమంటావా?"

నేను యంత్రం చట్రాన్ని చొక్కా అంచుతో తుడిచాను.

"ఏమీ అనడం లేదు" అన్నాడు.

వాడొచ్చింది మా అమ్మ ఇంటి పని మీద. దిగువవీధిలో అమ్మ ఒక్కతే ఉంటుంది. ఆ ఇంటి పెంకులు పాతబడి నాలుగైదు చోట్ల కారుతోంది. మొత్తం విప్పి కొత్తవి వెయ్యాలి. విప్పాక రెండు రోజులు ఇల్లు ఆకాశానికి తెరిచి ఉంటుంది, ఆ రెండు రోజులూ చుక్క పడకూడదు. అమ్మ పట్టుబట్టిందట: "మావాడు రేడియోలో ఎప్పుడు చెప్తే అప్పుడే విప్పు."

"అక్కని అడుగుదామత్తా అన్నాను బావా. నా కొడుకుండగా ఇంకెవర్నో ఎందుకడగాలి అంది."

ఆ మాట విన్నాక వాడికి టీ పెట్టి ఇచ్చాను.

సెప్టెంబరు 17

అమ్మ దగ్గరికి వెళ్ళాను. రేడియో పక్కన పెట్టుకుని కూర్చుంది. నా కార్యక్రమం అయిపోయి కట్టేశాక కూడా కాసేపు తీసి అరమీద పెట్టదు, వేడి చల్లారాలంటుంది. మేం వేరువేరుగా ఉంటున్న సంగతి తనకు తెలుసో తెలియదో అడగలేదు, తనూ అడగలేదు. చొక్కా చూసి మాత్రం, "ఇస్త్రీ ఎవరు చేశారు నాన్నా?" అంది. నేనే అన్నాను. "అలాగే ఉంది" అంది.

"ఎల్లుండి దాటాక చెప్తానమ్మా. మంచి రోజు చూసి చెప్తాను."

"నువ్వు చెప్తే చాలు. నువ్వు పుట్టిన రోజునే వాన వెలిసింది, తెలుసా?"

తెలుసు. వెయ్యిసార్లు చెప్పింది. ఇంకోసారి విన్నాను, హాయిగా ఉంది.

సెప్టెంబరు 19

ఉక్క. గాలి ఆడటం లేదు. సూర్యుడి చుట్టూ పాలమీగడలా పల్చటి తెర, అందులో గుడి కట్టినట్టు ఒక వలయం. చూడ్డానికి బాగుంది.

సాయంత్రం ముల్లు కొంచెం దిగి ఉంది. మళ్ళీ మొదలుపెట్టింది దీని తల్లి. నాలుగో అంతస్తు కదా, అలాగే ఉంటుంది. స్క్రూ తిప్పి ఉన్నచోటికి తెచ్చాను.

సెప్టెంబరు 20, పొద్దున

స్టేషను నుంచి ఇప్పుడే వచ్చాను. కోపం ఇంకా చల్లారలేదు.

తెల్లవారి లేచి చూస్తే ముల్లు మళ్ళీ దిగింది, ఈసారి బాగానే దిగింది. మళ్ళీ సరిచేశాను. దీన్ని నమ్ముకుని ఇంకోసారి ఊరిచేత గొడుగులు మోయిస్తే పాటల పేర్లు చదువుకోవాలి. ఆ పరువు తక్కువ నాకొద్దు.

బూట్లు తొడుక్కుంటుంటే ఫోను మోగింది. ఇంటాయన కింద నుంచి కేకేశాడు. "మీ ఆవిడగారండీ!" మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు. ఒక కాలికే బూటు ఉంది.

"హలో" అన్నాను. నా మంచి గొంతుతో.

"మీ దగ్గర ముల్లు పడుతోందా?" అంది.

బాగున్నారా లేదు. ఎప్పుడొస్తారు లేదు. ఇన్ని రోజుల తర్వాత ముల్లు.

"యంత్రం కొన్నానని నీకెవరు చెప్పారు?"

"తమ్ముడు. పడుతోందా, లేదా?"

"ఎందుకు?"

"పడమటి నుంచి చల్లగాలి అంచు ఒకటి వస్తోంది. ఎల్లుండికి గానీ రాదనుకున్నాం, తొందరపడుతోంది. మీరుండేది పడమటి కొస కదా, అక్కడ ముందు తెలుస్తుంది. అత్తయ్య ఇల్లు ఇవాళ విప్పుతారట, మీరు చెప్పడమే ఆలస్యమట. నేను చెప్పి చూశాను, వినడం లేదు. మీరు చెప్తేనే వింటుంది. రెండు రోజులు ఆగమనండి."

ఇంకేమైనా అంటుందని ఆగాను. తనూ ఆగింది. నా జవాబు కోసం, నా కోసం కాదు.

"నా ముల్లు నిలకడగా ఉంది" అన్నాను.

"నిజంగానా?"

"చూసే చెప్తున్నాను."

"అయితే సరే" అని పెట్టేసింది.

నేను చెప్పింది అబద్ధం కాదు. దిగేటప్పటికి ముల్లు నిలకడగానే ఉంది.

స్టేషనులో కేంద్రం ప్రకటన చూశాను. వాతాగ్రం, అదే తను చెప్పిన చల్లగాలి అంచు, పడమర ఉందని, వేగం పుంజుకోవచ్చని ఉంది. పుంజుకోవచ్చు అంటే పుంజుకోకపోవచ్చు అని కూడా. ఆ వాక్యం వదిలేశాను. "ఇవాళా రేపూ ఆకాశం తేటగా ఉంటుంది. ఇంటి పనులేమైనా ఉంటే నిశ్చింతగా చేసుకోండి" అని చదివాను. రెండో వాక్యం అమ్మ కోసం. అమ్మకు అర్థమవుతుంది.

సెప్టెంబరు 21

అమ్మ చెయ్యి విరిగింది.

సెప్టెంబరు 23

రాస్తేనే గానీ తలభారం దిగేలా లేదు.

ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం భోంచేసి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఉన్నట్టుండి గాలి స్తంభించింది. కింద వీధిలో కుక్క లేచి నిలబడింది. పడమర చూస్తే, నేలకు కాస్త ఎత్తులో, గీత గీసినట్టు ఒక నల్లటి అంచు. అది మబ్బని ముందు నాకు తట్టలేదు, ఏదో కొండ అనుకున్నాను. అటువైపు కొండ లేదు.

తను ఒకసారి చెప్పింది. చల్లగాలి బరువైనది. వెచ్చటి గాలి ఉన్నచోటికి వచ్చినప్పుడు అది పైనుంచి రాదు, చాప కింద నీరులా అడుగునుంచి వస్తుంది. వెచ్చటి గాలిని ఒక్కసారిగా పైకి ఎత్తేస్తుంది. అలా ఎత్తిన గాలే గోడలా మబ్బు కడుతుంది. అది వచ్చేముందు గాలి బరువు పడిపోతుంది, దాటిపోయాక గబుక్కున పెరుగుతుంది. "చూడాల్సింది ముల్లు ఎక్కడుందో కాదండీ, ఎటు పోతోందో" అంది. ఇవన్నీ నాకు తెలుసు. ఏ రోజూ తెలియకపోలేదు.

చల్లటి ఈదరగాలి కిటికీ రెక్కను గోడకేసి కొట్టింది. అప్పుడు పరిగెత్తాను.

కొండవీధి దిగి, మార్కెట్టు దాటి, దిగువవీధి మలుపు తిరిగేసరికి చినుకులు కాదు, ఒక్కసారే కుమ్మరించింది. అమ్మ ఇంటి మీద పెంకు ఒక్కటి లేదు. వాసాలు మాత్రం ఉన్నాయి, వాటి మధ్య నుంచి ఆకాశం. బావమరిది, వాడి మనుషులు టార్పాలిన్ లాగుతున్నారు, గాలి దాన్ని మళ్ళీ వాళ్ళ మొహాల మీదే కొడుతోంది. లోపల మంచం, పరుపు, బియ్యం డబ్బా, నాన్న ఫోటో, అన్నీ తడుస్తున్నాయి. అమ్మ గది మధ్యలో నిలబడి ఉంది, కొంగు నెత్తిన వేసుకుని.

"బయటికి రా అమ్మా!"

"ఆగుతుంది నాన్నా. ఇది వాన కాదు. నువ్వు చెప్పావుగా" అంది.

సరిగ్గా అప్పుడే అరమీది రేడియోలో మధ్యాహ్నం వార్తలు అయిపోయి, పొద్దున నేను చదివిన టేపు మళ్ళీ వేశారు. రేడియో మీద నీళ్ళు ధారకట్టి పడుతున్నాయి, లోపలి నుంచి నా గొంతు వస్తోంది. "ఆకాశం తేటగా ఉంటుంది." ఎంత స్పష్టంగా ఉందో. ప్రతి అక్షరమూ విడివిడిగా వినిపించింది. "ఇంటి పనులేమైనా ఉంటే నిశ్చింతగా చేసుకోండి."

అమ్మ రేడియో తడిసిపోతోందని దాని దగ్గరికి వెళ్ళింది. నా రేడియో, నా రేడియో అంటూ. తడినేల మీద కాలు జారింది. చెయ్యి ఆనించుకుంటూ పడింది. ఆ చప్పుడు నేను రాయను.

కాసేపటికి వాన వెలిసింది. దానికి అంతకంటే పని లేదు, దాటిపోయే అంచు కదా. ఆకాశం కడిగినట్టు నీలంగా, సిగ్గు లేకుండా మెరిసింది.

ఆసుపత్రి వరండాలో మా ఆవిడ వచ్చి నిలబడింది. ఆఫీసు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, వేలికి సిరా మరక. నా పక్కన కూర్చోలేదు.

"ముల్లు పడలేదా?" అంది.

"పడింది."

"మీకు కనిపించలేదా?"

"కనిపించింది."

"మరి?"

"సరిచేశాను" అన్నాను.

తను నావైపు చూసింది. కోపంగా కాదు. కేంద్రంలో చెడిపోయిన పరికరాన్ని పక్కకు పెట్టేముందు అలా చూస్తుందేమో. తర్వాత లోపలికి, అమ్మ దగ్గరికి వెళ్ళింది. నేను బల్లమీదే కూర్చున్నాను.

సెప్టెంబరు 24

నాలుగో అంతస్తు లేకపోతే ఇదంతా జరిగేది కాదు. ఆ యంత్రం అమ్మినవాడు నోటితో ఒక్క మాట చెప్పాల్సింది. బావమరిదికి వృత్తి అదే, మబ్బు చూసి తెలుసుకోలేడా? పుంజుకోవచ్చు అని రాసినవాళ్ళు పుంజుకుంటుంది అని రాయొచ్చుగా? డైరెక్టరు బెదిరించకపోతే నేను ఆ వాక్యం వదిలేవాణ్ణా? తను ఫోనులో "ఇంటికి రండి" అన్న ఒక్క మాట అని ఉంటే.

అని ఉంటే చెప్పేవాణ్ణి. ముల్లు పడుతోందని చెప్పేవాణ్ణి.

ఇది రాశాక మళ్ళీ చదివాను. కొట్టేద్దామనుకున్నాను. వద్దులే, ఎవరు చూస్తారు.

సెప్టెంబరు 25

ముల్లు "ఎండ" దాటి, అంకెలు కూడా లేని ఖాళీ చోటికి వెళ్ళి నిలబడింది. నేను స్క్రూతో పైకి ఎత్తిందానికి తోడు, అసలు గాలి బరువు కూడా పెరిగింది కదా. ఇంత మంచి రోజు లోకంలో ఎప్పుడూ లేదంటోంది.

సెప్టెంబరు 27

డైరెక్టరు పాటలకు పంపలేదు. అదే నయమనుకున్నాను. "కేంద్రం పంపింది పంపినట్టు చదవండి. ఒక్క అక్షరం కలపొద్దు, ఒక్క అక్షరం తియ్యొద్దు" అన్నాడు. సరేనన్నాను. ఇంటర్వ్యూ చేసిన అమ్మాయి గుమ్మం దగ్గర ఎదురైంది, ఎముకల గురించి ఏమీ అడగలేదు.

బావమరిది వచ్చాడు. ఈసారి ఆయాసపడలేదు, జోకు వెయ్యలేదు. అమ్మను అక్క తీసుకెళ్ళిందట, చెయ్యి అతికేదాకా అక్కడే ఉంటుందట. తను కొత్త పెంకులు వేస్తున్నాడట.

"ఏ ఇంట్లో ఉంది?" అన్నాను.

"మీ ఇంట్లోనే బావా" అన్నాడు.

నా గదిలో పడుకుంటోందట. నా మంచం మీద.

అక్టోబరు 1

కేంద్రం నుంచి వచ్చే ప్రకటన మారింది. కోర్టు భాష పోయింది. "పొద్దున పొగమంచు ఉంటుంది, బండ్ల మీద వెళ్ళేవాళ్ళు దీపాలు వేసుకోండి" అని ఉంది. ఎవరో కొత్తవాడు చేరినట్టున్నాడు. బాగానే రాస్తున్నాడు.

అక్టోబరు 2

కొత్తవాడు మాటల మధ్య పెన్సిలుతో చిన్న చిన్న గీతలు కూడా పెడుతున్నాడు, ఊపిరి తీసుకోవడానికి. నేనెక్కడ ఊపిరి తీసుకుంటానో వాడికెలా తెలుసో.

అక్టోబరు 4

మా ఆవిడ మెత్తబడిందన్నమాట. లేకపోతే గీతలెందుకు పెడుతుంది? మాటలు రాయడం ఉద్యోగమనుకుందాం. గీతలు ఉద్యోగం కాదు కదా. రేపు రికార్డింగు కాగానే ఇంటికి వెళ్తాను. అమ్మను చూడ్డానికి వచ్చాననొచ్చు. తను ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా ఇంకా మడత విప్పలేదు. రేపు అదే వేసుకుంటాను.

అక్టోబరు 5

వెళ్ళాను.

రికార్డింగు అయిపోయాక బస్సులో వెళ్ళాను. మా వీధి మొదట్లో దిగి చొక్కా సర్దుకున్నాను. గేటు తీసే ఉంది. మెట్లెక్కి, గంట కొడదామని చెయ్యెత్తేసరికి లోపల రేడియోలో నా కార్యక్రమం మొదలైంది. కిటికీ తెరిచే ఉంది. అమ్మ కుర్చీ కనిపిస్తోంది, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని ఉంది. అయ్యేదాకా ఆగుదామనుకున్నాను. అమ్మ మొహం చూడాలనిపించింది.

అమ్మ తల ఊపుతూ వింది. ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వింది. అయిపోయాక, "ఎంత బాగా చెప్తాడో వెధవ" అంది. చెయ్యి గంట మీద పెట్టాను.

"అమ్మాయ్!" అని వంటింటివైపు కేకేసింది అమ్మ. "వాన వస్తుందంటున్నాడు. నిజమేనా?"

"నిజమే అత్తయ్యా."

"బట్టలు తీసెయ్యనా మరి? వాడు చెప్పాడని తీసేస్తే..."

"తీసెయ్యండి అత్తయ్యా. అది నేను రాసిందే."

"ఓహో, నువ్వు రాసిందేనా? అయితే తీసేస్తాను" అని అమ్మ ఒంటిచేత్తో కుర్చీ పట్టుకుని లేచింది.

"మీరుండండి, ఆ చేత్తో ఎక్కడ తీస్తారు? నేనొస్తున్నాను" అంటూ తను చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు, కిటికీలోంచి పెరటి తలుపు అవతల కనిపిస్తున్నారు. అమ్మ తీగ మీది క్లిప్పులు తీసి తన చేతిలో వేస్తోంది, తను బట్టలు భుజాన వేసుకుంటోంది. అమ్మ ఏదో అంది, తను నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

ఇంట్లో రేడియో ఇంకా కుర్చీ పక్కనే ఉంది. వేడి చల్లారాలి కదా.

గంట కొట్టలేదు. చప్పుడు కాకుండా గేటు వేసి వచ్చేశాను. బస్సు కోసం ఆగబుద్ధి కాలేదు, నడిచాను. మార్కెట్టు దగ్గరికి వచ్చేసరికి వాన పట్టుకుంది. కూరగాయలవాళ్ళు పట్టాలు కప్పేసి తాపీగా కూర్చున్నారు, నడిచేవాళ్ళంతా గొడుగులు విప్పారు. ఊరంతా సిద్ధంగానే ఉంది. చొక్కా ఒంటికి అతుక్కుపోయి నడిబజార్లో నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. పాలవాడు గొడుగు కింద నుంచి వింతగా చూసి, "అదేంటి మామయ్యగారూ, పొద్దున మీరేగా చెప్పారు?" అన్నాడు.

నేనే చెప్పాను. నా నోటితోనే చదివాను, గీత ఉన్నచోటల్లా ఊపిరి తీసుకుని మరీ. ఏం చదివానో నేను వినలేదు.